డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడు

దేహమునకు జ్వరము వచ్చినయెడల మనము వైద్యుని పిలిపింతుము. చేయి విరిగినయెడల కట్టు కట్టింతుము. ఇందుకు సిగ్గుపడువారెవరును లేరు. కాని మనస్సునకు బాధ కలిగినప్పుడు మాత్రము మన యిండ్ల తలుపులు మూయబడును. బంధువులకు తెలియరాదనియు, పిల్ల పెండ్లికి అడ్డు వచ్చుననియు, లోకులు పిచ్చి యందురనియు భయపడి ఆ బాధను దాచి పెట్టుదుము. దాచిన పుండు మానదు, లోలోపలనే పెరుగును.

కొన్ని యేండ్లక్రిందట మా తరగతిలో ఒక బాలుడుండెను. లెక్కలలో అందరికంటె ముందుండెడి యా బాలుడు, ఒక సంవత్సరము దసరా సెలవులు గడచి వచ్చిననాటినుండి పుస్తకము తెరవక, తోడివారితో మాటలాడక, బల్లమీద తల వాల్చి కూర్చుండుచు వచ్చెను. మేము దానిని సోమరితనమనుకొని మందలించితిమి, బెంచీమీద నిలువబెట్టితిమి. ఇంటివారు తాయెత్తు కట్టించిరి. అతని యెదుట కూర్చుండి, ఏమి జరిగినదని యడిగి, చెప్పునంతవరకు ఓపికతో వేచియున్నవారు మాలో ఒక్కరును లేకపోయిరి. ఆ తప్పు నేటికిని మా మనస్సులో ముల్లువలె నున్నది. అందుచేతనే, రోగి చెప్పు మాటను వినుటయే చికిత్సకు మొదటి మెట్టుగా చేసిన యొక వైద్యుని జీవితమును ఈ యేటి పత్రికలో వ్రాయదలచితిమి.

సిగ్మండ్ ఫ్రాయిడు 1856వ సంవత్సరము మే నెల 6వ తేదీని మొరేవియాలోని ఫ్రైబర్గు అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ యూరు అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యములో చేరియుండెను. ఇప్పుడు చెక్ దేశములో ప్రీబోరు అను పేరుతో నున్నది. తండ్రి యాకోబు ఉన్ని వర్తకుడు, తల్లి అమాలియా. వారు యూదులు. వ్యాపారము సాగనందున కుటుంబము 1860వ సంవత్సరమున వియన్నా నగరము చేరెను. ఐదుగురు చెల్లెండ్రు, ఒక తమ్ముడు గల యా యిల్లు ఇరుకైనది; రాబడి స్వల్పము. అయినను పెద్దకుమారుని చదువుమీద తల్లిదండ్రులకు గొప్ప ఆశ యుండెను. ఇతరులు క్రొవ్వొత్తులతో సరిపెట్టుకొనుచుండగా అతనికి మాత్రము నూనెదీప మిచ్చిరి. చెల్లెలు పియానో వాయించునప్పుడు చదువునకు భంగము కలుగుచున్నదని అతడు చెప్పగా, ఆ పియానోనే యింటినుండి పంపివేసిరి. దీనిని మేము మెచ్చుకొనుటలేదు. ఒక్క బిడ్డ చదువుకొరకు మిగిలిన బిడ్డల ముచ్చటలు తీసివేయుట మన యిండ్లలోను కలదు గదా!

అతడు పాఠశాలలో అనేక సంవత్సరములు తరగతికి మొదటివాడుగా నుండి, 1873లో వియన్నా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యలో ప్రవేశించెను. పరిశోధనమం దతనికి మక్కువ మెండు. విద్యార్థిగా నున్నప్పుడే త్రియెస్తె రేవునకు పోయి సుమారు 400 మలుగు చేపలను కోసి పరీక్షించెను. తరువాత బ్రూకె అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరి జంతువుల నరములను సూక్ష్మదర్శినితో పరిశోధించుచు ఆరేండ్లు గడపెను. 1881లో వైద్యపట్టము పొందెను. మరుసటి సంవత్సరము మార్తా బెర్నేస్ అను కన్యతో వివాహము నిశ్చయమాయెను గాని సంసారము నడుపుటకు ధనము లేకపోయెను. పరిశోధనమువలన పొట్ట గడవదని ఆచార్యుడే హెచ్చరింపగా, ఫ్రాయిడు ప్రయోగశాలను విడిచి వియన్నా పెద్దాసుపత్రిలో చేరెను. వివాహమునకై నాలుగేండ్లు వేచియుండవలసివచ్చెను.

ఈ కాలమున ఆయన చేసిన యొక గొప్ప పొరపాటును దాచరాదు. 1884లో కొకెయిను అను మందు ఆయన చేతికి వచ్చెను. దాని దోషములు పూర్తిగా తెలియకమునుపే, అది దివ్యౌషధమని నమ్మి, వ్యాసములు వ్రాసి, ఫ్లెయిష్ల్ అను ప్రియమిత్రునకు ఇచ్చెను. ఆ మిత్రుడు తన బాధకై మార్ఫియాకు అలవాటుపడినవాడు. దానిని మాన్పింపబోగా కొకెయినుకును దాసుడై దుఃస్థితిలో మరణించెను. పేరు త్వరగా రావలెనను తొందర ఎంతటి బుద్ధిమంతునైనను త్రోవ తప్పించును.

1885వ సంవత్సరాంతమున ఫ్రాయిడు పారిసు నగరమునకు పోయి, సాల్పేత్రియేరు ఆసుపత్రిలో షార్కో అను ప్రఖ్యాత వైద్యుని యొద్ద కొన్ని నెలలు శిష్యరికము చేసెను. ఆ దినములలో హిస్టీరియా అను వ్యాధి వైద్యులకు పెద్ద చిక్కుగా నుండెను. రోగికి చేయి పడిపోవును. కాని చేతిలోని నరములు బాగుగనే యుండును. కన్ను కనబడకపోవును; కాని కంటిలో దోషముండదు. అనేకులు దీనిని నటన యనిరి. షార్కో మాత్రము అది నిజమైన బాధ యని గ్రహించి శ్రద్ధతో పరీక్షించెను. రోగిని అబద్ధికుడని త్రోసివేయరాదను పాఠము ఫ్రాయిడు అచ్చట నేర్చుకొనెను. 1886లో వియన్నాకు తిరిగి వచ్చి వైద్యశాల తెరచెను. ఆ యేడే మార్తాను వివాహమాడెను. వారికి ఆరుగురు బిడ్డలు కలిగిరి.

అప్పటికి నరముల బలహీనతకు చేయు వైద్యము విద్యుత్తు పట్టించుట, స్నానములు చేయించుట, రోగిని నిద్రింపజేసి బాధ పోవునని ఆజ్ఞాపించుట మొదలైనవి. ఫ్రాయిడు వీనినన్నిటిని చేసి చూచెను, ఫలము నిలువలేదు. ఆయనకు క్రొత్త త్రోవ చూపినవారు వైద్యులకంటెను రోగులే యని మా యభిప్రాయము. జోసెఫ్ బ్రాయర్ అను పెద్ద వైద్యుడు 1880 మొదలు 1882 వరకు బెర్తా పాపెన్‌హయిం అను యువతికి చికిత్స చేసెను. రోగియైన తండ్రికి రాత్రింబగళ్లు ఉపచారము చేసి యామె తానే రోగి యాయెను. కాలుసేతులు స్వాధీనము తప్పెను. తన సొంత భాషయగు జర్మను మరచి ఇంగ్లీషే మాటలాడుచుండెను. ఒక వేసవిలో దాహమెంత యున్నను నీరు త్రాగలేకపోయెను. ఒకనాడు అర్ధనిద్రలో, తనకు ఇష్టములేని యొక స్త్రీ గదిలో కుక్క గ్లాసులోని నీరు త్రాగుచుండగా చూచి, మర్యాదకై అసహ్యమును మ్రింగుకొని యూరకుంటినని చెప్పి, ఆనాటి కోపమునంతయు వెళ్లగ్రక్కెను. వెంటనే నీరడిగి త్రాగెనట! లోపలి మాట వెలికి వచ్చినప్పుడు బాధ తగ్గుటను గమనించి, ఈ పద్ధతికి మాటల చికిత్స యని యామెయే పేరు పెట్టెను.

అయితే ఇంతటితో ఆమెకు స్వస్థత కలిగెనని చెప్పుట సత్యము కాదు. తరువాత కొన్ని యేండ్లు ఆమె వైద్యాలయములలో నుండవలసి వచ్చెను. కాని క్రమముగా కోలుకొని, 1904లో జర్మనీలోని యూదు స్త్రీల సమాజమును స్థాపించి, 1907లో దిక్కులేని బాలికలకును అవివాహిత మాతలకును ఒక శరణాలయము తెరచి, అనేకులకు తల్లి యాయెను. మనోవ్యాధి వచ్చినవారి జీవితము అంతటితో ముగిసినదనుకొనువారు ఈ స్త్రీ చరిత్రను జ్ఞాపకముంచుకొందురు గాక.

1889 ప్రాంతమున ఫ్రాయిడు నొద్దకు వచ్చిన మరియొక స్త్రీ, ఆయన మాటిమాటికి ప్రశ్నలు వేయుచుండగా విసుగుచెంది, తన్ను అడ్డగింపక చెప్పదలచినది చెప్పనిమ్మని కోరెను. ఆ కాలమున వైద్యునితో నట్లు మాటలాడుట సాహసమే. ఫ్రాయిడు కోపింపలేదు, అట్లే కానిమ్మనెను. ఇది చిన్న సంగతివలె కనబడును గాని, వైద్య చరిత్రలో ఇది పెద్ద మలుపులలో నొకటి. క్రమముగా ఆయన నిద్రింపజేయు పద్ధతిని మానివేసెను. రోగిని ఒక శయ్యమీద పరుండజేసి, తాను తలవైపున కూర్చుండి, మనస్సునకు తోచినదంతయు, అది సిగ్గుకలిగించునదైనను, అల్పమైనదైనను, విడువక చెప్పుమని కోరి వినుచుండెను. దీనికే మనోవిశ్లేషణమని పేరు. 1895లో బ్రాయరుతో కలిసి హిస్టీరియాను గూర్చిన గ్రంథమును ప్రకటించెను.

ఈ చికిత్సలోని మూలసూత్రమును మన పల్లెటూరి ఉపమానముతో చెప్పుదుము. చెరువు నిండియున్నప్పుడు తూమును బలవంతముగా మూసివేసినయెడల నీరు మాయము కాదు. కట్టలో బలహీనమైన చోటు చూచుకొని గండి పెట్టును. అట్లే మనము భరింపలేని దుఃఖమును, కోపమును, భయమును మనస్సు అడుగునకు త్రోసివేయుదుము. త్రోసినట్లు మనకే తెలియదు. అది అచ్చట నశింపక, నిద్రలేమిగానో, కారణము తోచని భయముగానో, ఒకే తప్పును మరల మరల చేయుటగానో పైకి వచ్చును. గండిని మట్టితో పూడ్చుట యొక పని. తూము తెరచుట వేరొక పని. ఈ చికిత్స రెండవదానిని చేయజూచును.

తూము సులభముగా తెరువబడదు. రోగి ముఖ్యమైన మాట దగ్గరకు రాగానే విషయము మార్చును, వచ్చుట మరచిపోవును, ఆలస్యముగా వచ్చును. ఇది మొండితనము కాదు, మనస్సు తన్ను తాను కాపాడుకొనుట యని ఫ్రాయిడు కనిపెట్టెను. మరియొక విశేషము: రోగి తన తండ్రియెడలనో తల్లియెడలనో కలిగిన ప్రేమను, భయమును, అలుకను తనకు తెలియకయే వైద్యుని మీదికి మార్చుకొనును. ఉపాధ్యాయులమైన మాకిది వింత కాదు. ఇంటిలో తండ్రికి భయపడు బాలుడు తరగతిలో మా చేయి పైకి లేచినంతమాత్రమున వణకును. ఈ భావసంక్రమణమును వైద్యుడు గుర్తించి, సమయము చూచి రోగికి తెలియజేసినప్పుడు పాతముడి విడుట కారంభించును. దీని బలమును ఫ్రాయిడు ఒక యోటమివలన నేర్చుకొనెను. 1900వ సంవత్సరమున పద్దెనిమిదేండ్ల కన్య యొకతె పదునొకండు వారములు చికిత్స పొంది అర్ధాంతరముగా మానివేసెను. ఆయన ఆ యపజయమును దాచక 1905లో ప్రకటించి, తాను ఈ సంగతిని సకాలమున గుర్తింపనైతినని యొప్పుకొనెను. ఆ కన్య బాధను ఆయన సరిగా అర్థము చేసికొనలేదని నేటి పండితు లనేకులు తలంచుదురు.

1896లో తండ్రి మరణించినప్పుడు ఫ్రాయిడు మిక్కిలి కలతచెంది, తన స్వప్నములను తానే పరిశీలించుకొనెను. దాని ఫలముగా స్వప్నములను గూర్చిన ఆయన మహాగ్రంథము 1899 నవంబరులో వెలువడెను. అచ్చువేసిన 600 ప్రతులు అమ్ముడుపోవుటకు సుమారు ఎనిమిదేండ్లు పట్టెను. 1902 మొదలు బుధవారపు సాయంకాలములందు కొందరు వైద్యులు బెర్గ్‌గాసె వీథిలోని 19వ నంబరు గల యాయన యింట చేరి చర్చింపసాగిరి. 1909లో అమెరికాలోని క్లార్కు విశ్వవిద్యాలయమువా రాహ్వానింపగా పోయి ఉపన్యసించెను. అటుపిమ్మట కీర్తి పెరిగెను, కలహములును పెరిగెను. ఆడ్లరు, యుంగు మొదలైన ప్రముఖులు వేరుపడిపోయిరి. భిన్నాభిప్రాయమును సహించుట ఆయనకు కష్టముగా నుండెను.

మతవిషయమున ఫ్రాయిడు నమ్మకము లేనివాడు. 1927లో మతమును విమర్శించుచు గ్రంథము వ్రాసెను. మాబోటి క్రైస్తవ ఉపాధ్యాయులకు ఇది సమ్మతము కాదు. అయినను జూరికు నగరములోని ఆస్కార్ ఫిస్టరు అను పాదిరిగారు 1909 మొదలు ఆయనకు ప్రియమిత్రుడుగా నుండెను. ఈ పాదిరిగారు మనోవిశ్లేషణమును నేర్చి, తన సంఘములోని యువకుల దుఃఖములను తీర్చుటకు వినియోగించెను. ఫ్రాయిడు గ్రంథమునకు 1928లో ప్రత్యుత్తరము వ్రాసియు స్నేహమును విడువలేదు. అభిప్రాయభేదమును ద్వేషముగా మార్చుకొనరాదనుటకు వీరిరువురి చెలిమి మంచి నిదర్శనము.

ఈ చికిత్స ధనికులకే దొరకుచున్నదను లోపమును ఫ్రాయిడు ఎరుగును. 1918లో బుడాపెస్టు నగరమున జరిగిన సభలో, బీదవారికిని మనస్సునకు వైద్యము పొందు హక్కు కలదనియు, ఉచిత వైద్యశాలలు రావలెననియు చెప్పెను. ఆ మాట వృథా పోలేదు. 1920లో బెర్లినులోను, 1922లో వియన్నాలోను అట్టి వైద్యశాలలు తెరువబడెను. ఆ 1922లోనే మన దేశమున కలకత్తాలో డాక్టరు గిరీంద్రశేఖర బోసు తన యింట భారతీయ మనోవిశ్లేషణ సమాజమును స్థాపించెను. బోసు ఫ్రాయిడునకు శిష్యుడై వియన్నా పోయినవాడు కాదు. తన రోగులను స్వయముగా పరిశీలించి, లేఖలద్వారా ఆయనతో చర్చించినవాడు. 1931లో ఫ్రాయిడు డెబ్బదియైదవ జన్మదినమునకు కలకత్తానుండి దంతముతో చేసిన విష్ణుమూర్తి బొమ్మ పోగా, ఆయన దానిని తన వ్రాతబల్లమీద ఉంచుకొనెను. 1940లో కలకత్తాలో లుంబినీ పార్కు మానసిక వైద్యశాల తెరువబడుటకును బోసే ముఖ్యుడు.

ఫ్రాయిడు వృద్ధాప్యము దుఃఖమయము. 1920లో కుమార్తె సోఫీ విషజ్వరమున మరణించెను. 1923లో ఆమె చిన్న కుమారుడును పోయెను. ఆ సంవత్సరమే ఆయన దవడకు పుట్టకురుపు పుట్టెను. దినమునకు ఇరువది చుట్టల వరకు కాల్చుట ఆయన అలవాటు. ఇతరుల మనస్సుల ముడులు విప్పిన యీ మేధావి తన చుట్టను మాత్రము విడువలేకపోయెను! పదునారేండ్లలో ముప్పదికి మించి శస్త్రచికిత్సలు జరిగినను ఆయన రోగులను చూచుట, గ్రంథములు వ్రాయుట మానలేదు. ఉపచారమంతయు కడపటి కుమార్తె అన్నా చేసెను. ఈమె మొదట బడిపంతులమ్మగా పనిచేసి, పిమ్మట బాలబాలికల మనోవైద్యమున మిక్కిలి ప్రసిద్ధి చెందెను.

1933లో నాజీలు బెర్లినులో ఆయన గ్రంథములను తగులబెట్టిరి. 1938 మార్చిలో వారు ఆస్ట్రియాను ఆక్రమించి, అన్నాను రహస్య పోలీసు కచేరీకి కొనిపోయి ఒక దినమంతయు విచారించిరి. అప్పటివరకు వియన్నాను విడువనని పట్టుపట్టిన వృద్ధుడు ఒప్పుకొని, మిత్రుల సహాయమున జూన్ 4వ తేదీని కుటుంబముతో బయలుదేరి లండను చేరెను. విడువవలసి వచ్చిన నలుగురు చెల్లెండ్రు తరువాత నాజీల శిబిరములలో మడిసిరి. ఫ్రాయిడు 1939 సెప్టెంబరు 23వ తేదీని, తన 83వ యేట, లండనులో మరణించెను.

ఆయన చెప్పినదంతయు నేడు అంగీకరింపబడుటలేదు. స్త్రీల మనస్సును గూర్చియు, శిశువుల కోరికలను గూర్చియు ఆయన వ్రాసినవానిలో పెక్కింటిని తరువాతి శాస్త్రజ్ఞులు త్రోసివేసిరి. చికిత్సా పద్ధతియు మారెను. వారమునకు ఐదారు దినములు శయ్యమీద పరుండుటకు బదులు, సాధారణముగా వారమునకు ఒకటి రెండు పర్యాయములు, సుమారు ముప్పావుగంట సేపు, ఎదురెదురు కుర్చీలలో కూర్చుండి మాటలాడుదురు. కొన్ని తీవ్రవ్యాధులకు మందులు తప్పనిసరి. మాటలు మాత్రమే చాలవు. అయినను రోగి మాటకు అర్థము కలదనియు, దానిని వినవలెననియు ఆయన వేసిన పునాది నిలిచియున్నది.

తల్లిదండ్రులకు ఉపయోగపడునని ఇక కొన్ని మాటలు వ్రాయుచున్నాము. మనోవైద్యుడు వైద్యవిద్య పూర్తిచేసి తరువాత మానసిక వ్యాధులందు ప్రత్యేక పట్టము పొందినవాడు. ఆయన మందులు వ్రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయడు. పరీక్షలును మాటల చికిత్సయు చేయును. అట్టివారి పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారి పట్టికలో నుండవలెను. మొదట మనోవైద్యునికి చూపి, దేహములో వేరు వ్యాధి లేదని తెలిసికొనుట మంచిది. చదువెంత, అనుభవమెంత, ఏ పద్ధతిని చికిత్స చేయుదురు, రుసుమెంత, ఎంతకాలము పట్టును, చెప్పిన మాటలు రహస్యముగా నుంచుదురా యని మొదటి దినముననే యడుగవచ్చును. ఇట్లడుగుట అమర్యాద కాదు. మంచి వైద్యుడు సంతోషముగా చెప్పును. రెండు మూడు వారములలోనే మార్పు లేదని విడువరాదు. మనస్సునకు నొప్పి కలిగించు మాటవలన వెళ్లుట కిష్టము లేకపోయినయెడల ఆ సంగతినే వైద్యునితో చెప్పవలెను. మరి ఆయన వినుటయే లేదని తోచినయెడల వేరొకరి నొద్దకు పోవుటలో దోషము లేదు. ధనము లేనివారు విశాఖపట్టణములోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను గల ప్రభుత్వ మానసిక వైద్యశాలలకు పోవచ్చును. 2017వ సంవత్సరపు చట్టము ప్రకారము మానసిక వైద్యము పొందుటయు, ఆ సంగతులు రహస్యముగా నుండుటయు రోగి హక్కులు. 2022లో ఆరంభింపబడిన టెలిమానస్ సేవకు 14416 అను నంబరునకు ఫోను చేసినయెడల తెలుగులోనే మాటలాడవచ్చును. ఎవరైనను చనిపోవలెనని యున్నదని చెప్పినయెడల వారిని ఒంటరిగా విడువక ఆ క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

ప్రార్థన మానవలెనని మేము చెప్పుటలేదు. జ్వరమునకు ప్రార్థించుచునే మందు పుచ్చుకొందుము గదా! మనోవ్యాధి పాపమునకు శిక్ష కాదు. పెంపకమునకు అవమానమును కాదు.

మొదట చెప్పిన బాలుని సంగతి ముగించెదము. ఒక సంవత్సరము వృథాగా పోయిన పిమ్మట అతని మేనమామ యతనిని ప్రభుత్వ వైద్యుని యొద్దకు కొనిపోయెను. ఆ వైద్యుడు మందు వ్రాయుటతో ఊరకొనక, వారము వారము పిలిచి వినెను. ఆ దసరా సెలవులలో, తాను చెరువునకు పిలుచుకొనిపోయిన చిన్న తమ్ముడు మునిగి చనిపోయెననియు, ఆ దోషము తనదేయని యెవరితోను చెప్పుకొనలేక కుమిలెననియు అప్పుడు బయటపడెను. తమ్ముడు పోయిన సంగతి మేమును వింటిమి. కాని అన్న మనస్సులో నున్నదేమని యడుగలేదు. అతడు మరల చదివి, పరీక్షలో నెగ్గి, ఇప్పుడు ఉద్యోగము చేసికొనుచున్నాడు. క్రిందటి క్రిస్మసు పండుగకు మమ్మును చూడవచ్చినప్పుడు, ఆనాడు బెంచీమీద నిలువబెట్టినందులకు క్షమింపుమని మేమే యతని నడిగితిమి.

బాలబాలికలారా! మీ ప్రక్క బల్లమీద ఎవరైనను తల వాల్చి కూర్చున్నయెడల నవ్వకుడి. ప్రక్కన కూర్చుండి, ఏమైనదని యడిగి, వేచియుండుడి. మీకే యట్టి బాధ కలిగినయెడల నమ్మకమైన పెద్దవారొకరితో చెప్పుడి. వినుటకు మేమును నేర్చుకొనుచున్నాము.